పలకల నేల – క్రింది కొట్టు

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల పాత యిండ్లలో రెండు విధముల మేడలు కానవచ్చును. దూలములపై ఇటుకలను అంచుమీద నిలిపి సున్నముతో బిగించిన మద్రాసు మిద్దె యొకటి. దూలములపై పలకలు పఱచిన చెక్కమేడ రెండవది. మొదటిది పలుచోట్ల నున్నది. రెండవది అరుదు, ఉన్నవియు ఏటికేడు తగ్గిపోవుచున్నవి.

వీనికి కలిగినవారు వాడిన కఱ్ఱ బర్మా టేకు. అది ఓడలమీద వచ్చి చెన్నపట్టణపు రేవున దిగెడిది. 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డు వఱకు నడచిన రైలుదారి తిరువళ్ళూరు మీదుగనే పోయినది. అటుపిమ్మట బరువైన దూలములను ఈ వైపునకు చేర్చుట సులువయ్యెను. అంతటి స్తోమత లేనివారు తాటిదూలములతోను, వేపకఱ్ఱతోను సరిపెట్టుకొనిరి.

తిరుత్తణిలోని మా తాతగారి యిల్లు వాలునేలపై కట్టినది. వీథికూడము క్రింద సగము భూమిలోనికి దిగిన కొట్టు గలదు. దానికి గోడపూత లేదు, గచ్చు లేదు, మట్టినేలయే. ధాన్యపు గాదెలు, కట్టెలు, చింతపండు కుండలు అందుండెడివి. పైనున్న కూడమునకు టేకుపలకల నేల. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినప్పటి వాదోపవాదములన్నియు ఆ పలకలమీద కూర్చుండియే జరిగెనని మా నాయన చెప్పెడివారు. ఇల్లు కదలలేదు, రాష్ట్రము మాఱినది.

కొన్నేండ్లుగా ఆ పలకల అంచులు లేచి కాలికి తగులసాగినవి. మెఱుగు పోయి నల్లబడినవి. ఇంటిలో రెండభిప్రాయములు బయలుదేఱినవి. పాతటేకునకు మంచి ధర పలుకుచున్నది గనుక పలకలను అమ్మివేసి, కాంక్రీటు పోసి, టైల్సు పఱపింపవలెనని మా తమ్ముడు. యంత్రముతో గీకించి మెఱయు వార్నీషు పూయింపవలెనని తక్కినవారు. పిలిపించిన వృద్ధ ఆచారి ఇరువురి మాటయు వినెను. “పైన చిత్రిక పట్టేది కడపటి పని, సామీ. ముందు దీపం తీసుకొని కిందికి దిగి చూడాల,” అనెను.

క్రిందికి దిగి చూడగా కారణము బయటపడెను. రోడ్డు వేసినప్పుడెల్ల పాతదానిపై క్రొత్త పొర పడి వీథి మట్టము పెరుగుచు వచ్చినది. కొట్టునకుండిన గాలికంతలు మూసుకొనిపోయినవి. వాననీరు గోడలలో దిగి, మట్టినేల చెమ్మగిల్లి, ఆ ఆవిరి పోవు దారి లేక పలకలను పట్టినది. పలక క్రిందిముఖము తడి పీల్చి ఉబ్బును. మెఱుగు పూసిన పైముఖము అంతగా ఉబ్బదు. అందుచే అంచులు లేచి పలక దొప్పవలె వంగును. ఆ స్థితిలోనే అంచులను చదును చేసినచో, తడి ఆఱిన పిమ్మట కోసివేసిన అంచులు పల్లమై నడుమ వీపు తేలును. ఉన్న మందము వ్యర్థమగును.

ఈశాన్య ఋతుపవనపు వానలు వెనుకబడిన తరువాత పని మొదలిడితిమి. గోడ వెలుపలి మన్ను త్రవ్వి, కంతలు తెఱపించి వలలు బిగించితిమి. కట్టెలను గోడకు దూరముగ జరిపితిమి. చెదల మట్టిబాటలను గీకించి మందు కొట్టించితిమి. గోడలో దాగిన దూలపు కొనలలో రెండు మెత్తబడియుండెను. వానికి ప్రక్కగా క్రొత్త టేకు చేర్చి బోల్టులు వేసిరి. అటుపై వేచియుండుటయే పని. ఆచారి వారమునకొకసారి పలకలపై తిన్నని బద్దనిలిపి సందు కొలిచెడివాడు. వరుసగ కొలత మాఱని పిమ్మటనే చిత్రిక చేతబట్టెను.

మేకుల తలలను లోనికి దిగగొట్టి, కఱ్ఱ పోగు వెంబడి చిత్రికపట్టి, గరుకు కాగితముతో రుద్ది, అవిసెనూనె పలుచగా మూడు పూతలు పూసిరి. ప్రతి పూతకును మిగులునూనె తుడిచి కొన్నినాళ్ళు ఆఱనిచ్చిరి. కొబ్బరినూనె దీనికి పనికిరాదు; అది ఆఱక జిడ్డై దుమ్ము పట్టును. అవిసెనూనె పీల్చిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడవేయరాదు. తమంత తాము వేడెక్కి అంటుకొనగలవు. విడదీసి ఆరుబయట ఆఱవేయవలెను, లేదా నీట ముంచవలెను.

కొట్టు కప్పును బల్లలతో మూసి అందగింపవలెనని యొకరనగా ఆచారి ఒప్పుకొనలేదు. మూయని కప్పు గనుకనే దోషము కంటబడినదని అతని వాదము. ఆ మాట నాకు నచ్చినది.

పని జరుగుచుండగా మా మనుమడు ఆచారి మాటలను వ్రాసికొనెను. వాడు బడిలో తమిళమును ఆంగ్లమును చదువుచున్నాడు. ‘ఇళైప్పుళి’ యనగా చిత్రిక, ‘ఉత్తిరమ్’ అనగా దూలము, ‘కరైయాన్’ అనగా చెద యని నేర్చెను. ఉలి మాత్రము రెండు భాషలందును ఉలియే. తమిళము మనకు పరాయిది కాదు. బ్రతుకుతెరువును, ఇరుగుపొరుగును ఇచ్చిన భాష. అయినను, ఉగాది సభలో చదువు పద్యము పైమెఱుగు వంటిది. వంటయింట, పెరటిలో, పనివాని చేతిలో పలుకు తెలుగే దానిని మోయు దూలము. అక్కడ గాలి ఆడనిచో సభలో ఎంత మెఱుగు పూసినను నిలువదు.

ఇట్టి పలకల నేల ఇంకను మిగిలియున్న గృహస్థులకు నా మనవి యొకటే. వార్నీషు కొనుటకు అంగడికి పోవుటకు ముందు, వానలు వెలిసిన నాడు, ఇంటిలోని పిల్లవాని నొకనిని వెంటగొని క్రింది కొట్టులోనికి దిగుడు. కనబడిన ప్రతి వస్తువు పేరును వానికి తెలుగులో చెప్పుడు.