ఎడిసన్‌లో బియ్యం కరువొచ్చిన వారం

2023 జులై 20, గురువారం. న్యూజెర్సీలో మేం భోజనాలకి కూర్చునే వేళకి మిర్యాలగూడ నుంచి మాకు బియ్యం పంపే మిల్లు యజమాని ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి పదకొండు కావస్తోంది. తెల్లారకముందే మిల్లులో ఉండే మనిషి, ఆ వేళకి మామూలుగా ఒక నిద్ర తీసేసి ఉంటాడు.

“తమ్మీ, రా రైస్ బంద్ పెట్టిండ్రు. బాస్మతి, బాయిల్డ్ తప్ప ఏదీ పోదంట.”

“ఎప్పట్నుంచి అన్నా?”

“ఎప్పట్నుంచేంది, గిప్పట్నుంచే.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత ఆగస్టులో వచ్చిన సవరణలో గీత ఎక్కడ గీశారో సెకన్లతో సహా రాశారు: 20వ తేదీ రాత్రి 9 గంటల 57 నిమిషాల ఒక సెకను. ఆ లోపు కస్టమ్స్‌కి అప్పజెప్పిన సరుకో, సుంకం కట్టేసిన సరుకో అయితే పోవచ్చు. లేదంటే ఎక్కడిదక్కడే. మా కంటైనర్ పెట్టెల్లో ఒకటి చెన్నై రేవులో కస్టమ్స్ లెక్కలోకి ఎక్కేసింది. ఇంకోటి ఆ రాత్రి లారీ మీద నెల్లూరు దాటుతోంది.

ఢిల్లీ వైపు నుంచి చూస్తే కారణాలు ఉన్నాయి. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, ఎల్‌నినో భయం ఒకటి, దేశంలో బియ్యం ధర ఏడాదిలో పదకొండున్నర శాతం పెరిగిందని ప్రభుత్వమే ప్రకటించింది. అంతకుముందు 2022 సెప్టెంబరులోనే తెల్ల బియ్యం ఎగుమతి మీద ఇరవై శాతం సుంకం వేశారు. దాన్ని మేం ఎలాగోలా మోస్తూ వచ్చాం. సుంకమైతే లెక్కలో వేసుకోవచ్చు. నిషేధాన్ని ఏ లెక్కలో వేస్తాం?

శుక్రవారం సాయంత్రానికి ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కార్లు కదల్లేదు. డాలస్ నుంచి ఎవరో తీసిన వీడియో మా అందరి ఫోన్లలోకీ వచ్చేసింది: జనం బస్తాల గుట్ట మీద ఎక్కి లాక్కుంటున్నారు. అది చూసి వచ్చినవాళ్ళే ఎక్కువ. నేను సరుకు వేసే ఒక గుజరాతీ ఆయన కొట్లో ‘కుటుంబానికి ఒకే బస్తా’ అని కాగితం అంటించారు. భర్త ఒక లైన్లో, భార్య ఇంకో లైన్లో, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు మూడో లైన్లో నిలబడ్డారు. ముగ్గురూ ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నారు. ఆ అత్తగారే నన్ను పక్కకి పిలిచి, “బాబూ, పాతవేనా ఇవి?” అని అడిగింది. చిరిగిన సంచిలోంచి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఒకటి పంటి కింద పెట్టి, “ఆర్నెల్లు కూడా ఆగలేదు, ముద్దవుతుంది” అని తేల్చేసింది. అయినా లైన్ వదల్లేదు.

ఆమె అన్నది నిజమే. ఈ వ్యాపారంలో నాకు తెలిసిన కష్టమంతా అక్కడే ఉంది. అమెరికాలో అమ్మే మిగతా సరుకుని లేబుల్ చూసి కొంటారు. సోనామసూరిని అన్నం చూసి కొంటారు. రెండుసార్లు ముద్దయితే మన బ్రాండ్ ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళదు. పైగా ఆ ఇంటావిడ వాట్సాప్ గ్రూపులో ఉన్న యాభై ఇళ్ళకీ వెళ్ళదు. ఊళ్ళోలాగా కొత్తవాటిని పక్కన పెట్టి మాగనివ్వడానికి ఇక్కడ గోడౌన్ అద్దె ఒప్పుకోదు. మాగబెట్టే పని మిల్లులోనే జరిగి రావాలి.

ఇంతా చేసి బియ్యం లేవా అంటే, ఉన్నాయి. ఇరవై అడుగుల పెట్టెలో ఇరవై పౌండ్ల బస్తాలు రెండు వేల పైచిలుకు పడతాయి. నా గోడౌన్‌లో ఉన్నవి కాక, సముద్రం మీద ఉన్నవి వేరు. నాలాంటి వాళ్ళు నూవర్క్ రేవు చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. మామూలుగా కొంటే నెలల తరబడి సరిపోయే సరుకది. ఆ వారం కరువు తెచ్చింది ఓడలు కాదు, ఫోన్లు. ఆ మాట కొట్ల వాళ్ళకి చెబితే, “సరే, ఉన్నవన్నీ నాకే వెయ్యి” అన్నారు.

అప్పుడే మా పార్ట్‌నర్‌కీ నాకూ ధర మీద తగువు పడింది. ఆయనది భీమవరం, ధాన్యం కమీషన్ కొట్లో పుట్టి పెరిగిన మనిషి. “ఈ బస్తా నీకెంతకి పడిందని కాదండీ, రేపు ఇదే బస్తా ఎంతకొస్తుందో ఆ రేటుకి అమ్మాలి. లేకపోతే మళ్ళీ సరుకు పెట్టడానికి డబ్బు ఉండదు” అన్నాడు. ఇది అత్యాశ అని కొట్టిపారేసే మాట కాదు. వ్యాపారం చేసిన ఎవరికైనా అది సబబే. కొన్ని కొట్లలో పద్దెనిమిది డాలర్ల బస్తా నలభై దాటి పలికిందని అందరికీ తెలుసు. చివరికి మేం కొంత పెంచాం. ఎవరికి ఎన్ని వెయ్యాలో మాత్రం అంతకుముందు వాళ్ళు నెలనెలా తీసుకున్న లెక్కని బట్టే వేశాం. పెంచినందుకు కొందరు తిట్టారు. పెంచడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

లారీ మీద ఉన్న పెట్టె సంగతి చెప్పాలి. అది వెనక్కి తిరిగి మిర్యాలగూడ వెళ్ళింది. సంచుల మీద మా బ్రాండు, ఇంగ్లీషులో పోషకాల పట్టిక, న్యూజెర్సీ అడ్రసు. తొమ్మిది కిలోల చిల్లర తూగే ఆ సంచిని అక్కడ కొనేదెవరు? ఇరవై అయిదు కిలోల లోపు ప్యాకెట్ల మీద 2022 జులై నుంచి జీఎస్టీ పడటంతో అక్కడ మార్కెట్టంతా ఇరవై ఆరు కిలోల బస్తాకి మారింది. మా మిల్లు అన్న మనుషుల్ని పెట్టి ఒక్కొక్క సంచీ కోయించి, పెద్ద బస్తాల్లో పోయించాడు. జిప్పూ పిడీ ఉన్న ఆ ఖాళీ సంచులు మిల్లు హమాలీల ఇళ్ళల్లో కూరగాయలకి పనికొచ్చాయట. నష్టంలో సగం మేం భరించాం. అది కాగితం మీద ఎక్కడా రాసుకున్న షరతు కాదు. మర్నాడు ఆయన మొహం చూడాలి కదా.

చెన్నై పెట్టె సెప్టెంబరులో దిగింది. బోల్ట్ సీలు కత్తిరించి తలుపు తీస్తే ముందు వేడి, తర్వాత గోనె లాంటి వాసన కొడుతుంది. గోడలకి వేసిన గోధుమరంగు కాగితం పైన చెమ్మ పట్టి ఉందా అని మొదట చూస్తాం. సముద్రం మీద పగలు మండి రాత్రి చల్లబడే పెట్టె పైకప్పు చెమటపట్టి, పై వరస బస్తాల మీద చుక్కలు రాలుస్తుంది. తర్వాత చూసేది పురుగు. అమెరికా వాళ్ళకి ఖప్రా పురుగంటే హడల్. వ్యాపార సరుకుకి ఆ పురుగు లేదని ఇండియా వ్యవసాయ అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. ప్రయాణికుల సామాన్లలో మన బియ్యం తేవడాన్ని 2011లోనే ఆపేశారు. ఆ వేసవిలో ఎంతమంది అడిగారో: “అమ్మావాళ్ళు వస్తున్నారండీ, ఒక పది కిలోలు పెట్టుకురమ్మంటాం.” వద్దని చెప్పాను. విన్నవాళ్ళు తక్కువ. నూవర్క్ విమానాశ్రయంలో పెట్టెలు తెరిపించుకుని, చేతులూపుకుంటూ బయటికొచ్చినవాళ్ళు ఎక్కువ.

ఆగస్టు 25న బాయిల్డ్ బియ్యం మీద కూడా ఇరవై శాతం సుంకం వేశారు. ఆ మధ్యలో ఒక బ్రోకరు ఫోన్ చేసి, “కాయితాల్లో బాయిల్డ్ అని రాస్తాం, లోపల మీ మాలే” అన్నాడు. అక్కడ దాటినా ఇక్కడ పెట్టె తెరిస్తే, కాగితం మీద ఒక బియ్యం, సంచిలో ఇంకో బియ్యం. దిగుమతిదారు పేరు నాది. వద్దన్నాను. నిజమైన బాయిల్డే తెప్పించి చూశాం. యాసంగి వడ్లు ఎండకి నూకవుతాయని తెలంగాణలో కావలసినంత ఉప్పుడు బియ్యం పడతారు. కానీ పట్టేవాళ్ళే తినరు, ఇక ఎడిసన్ వాళ్ళేం తింటారు! తమిళ కొట్ల పుణ్యమా అని అది కదిలింది.

సంక్రాంతి నాటికి ఇంకో రకం ఫోన్లు మొదలయ్యాయి. జులైలో లైన్లో నిలబడి మోసుకెళ్ళిన బస్తాలు బేస్‌మెంట్లో వాషింగ్ మెషీన్ పక్కన చెమ్మకి పురుగు పట్టాయి. వెనక్కి తీసుకుంటారా అని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. ఎన్ని బస్తాలండీ అంటే, “పద్నాలుగు” అన్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురట. ఎండబెట్టి చెరగమని చెప్పాను. న్యూజెర్సీ జనవరిలో ఎండెక్కడుంది అన్నాడు, అదీ నిజమే.

ఆ చలికాలం ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలైంది. రెండు వారాలు ఆలస్యం, కిరాయి వేరే. కందిపప్పు, మిరపకారం, బెల్లం, ఏది పెట్టినా అదే కథ.

2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు. టన్నుకి 490 డాలర్లకి తగ్గించి అమ్మొద్దని ఒక షరతు పెట్టారు, అక్టోబరులో అదీ తీసేశారు. ఆ శనివారం ఓక్ ట్రీ రోడ్డు మీద ఎవరూ బియ్యం మాటెత్తలేదు, బతుకమ్మ పూలు ఎక్కడ దొరుకుతాయన్నదే చర్చ. అన్న ఫోన్ చేసి, పాతవి, ఏడాది మాగినవి ఉన్నాయి, ఎన్ని పెట్టెలు పెట్టమంటావన్నాడు. సరిగ్గా మూడు రోజులకి, అక్టోబరు 1న, ఈస్ట్ కోస్ట్ రేవుల్లో కూలీలు సమ్మెకి దిగారు. నూవర్క్ గేటు మూతపడింది. మా మినప్పప్పు పెట్టె లోపల ఉండిపోయింది.

“గిప్పుడు మీ దిక్కు బందా!” అని అన్న ఒకటే నవ్వు. 3వ తేదీ రాత్రి సమ్మె ఆగింది. మర్నాడు ఫోన్ చేసి రెండు పెట్టెలకి ఆర్డరిచ్చాను, రేటు మీద ఇంకో అరగంట కొట్లాడాక.