గాంధారి గుట్ట మీద నా ఉరుకుడు

మందమర్రిలో ఎవరైనా పొద్దున్నే ఉరుకుతున్నారంటే జనం రెండే కారణాలు అనుకుంటారు. ఒకటి షుగర్, రెండు కానిస్టేబుల్ నోటిఫికేషన్. నాది రెండోది. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. మగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 2022 నోటిఫికేషన్ నుంచి ఈ లెక్కలు మా కాలనీలో అందరికీ ఫోన్ నంబర్ల కంటే బాగా గుర్తు. సున్నం గీత చుట్టూ తిరిగీ తిరిగీ ఆ 5.20 దాటాను. తర్వాత రాతపరీక్ష దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం రాలేదు గానీ ఉరుకుడు మాత్రం కాళ్లల్లో ఉండిపోయింది.

నోటిఫికేషన్ లేని రోజుల్లో గ్రౌండు ఖాళీ. నేనొక్కదాన్నే తిరుగుతుంటే వాకింగ్‌కు వచ్చిన అంకుళ్లు "మళ్లా నోటిఫికేషన్ పడ్డదా బిడ్డా?" అని అడిగేవాళ్లు. లేదంటే, మరి ఎందుకీ తిప్పలు అన్నట్టు చూసేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ చూపు తప్పించుకోవడానికే మొదటిసారి స్కూటీని బొక్కలగుట్ట వైపు తిప్పాను.

మందమర్రి అంటే బయటివాళ్లకు బొగ్గు. అంతే. కానీ మంచిర్యాల దారిలో బొక్కలగుట్ట దగ్గర అటవీశాఖ వాళ్ల గాంధారివనం పార్కు ఉంటుంది. సెల్ఫీల జనం అక్కడే ఆగిపోతారు. ఊరు దాటి ఇంకా లోపలికి, టేకు చెట్ల మధ్య నుంచి పోతే గాంధారి ఖిల్లా. కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. ఇక్కడ కట్టినదాని కంటే తొలిచిందే ఎక్కువ. రాతిలో మెట్లు, రాతిలో నీటి గుంటలు, రాతి మీద దేవుళ్లు. ఏటా మాఘమాసంలో నాయకపోడులు ఇక్కడ మైసమ్మ జాతర చేస్తారు. అప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం. మిగతా రోజుల్లో మేకల మెడలో గంటలే.

మొదటిరోజు ఫోన్‌లో యాప్ చూస్తే కిలోమీటరుకు 11 నిమిషాలు! గ్రౌండులో నాది ఆరున్నర. యాప్ ఖరాబైంది అనుకున్నాను. ఖరాబైంది యాప్ కాదు, నా లెక్క. దీనికి ట్రెయిల్ రన్నింగ్ అని ఒక పేరుందని, పోటీల్లో తారు, సిమెంటు దారి నాలుగో వంతు మించొద్దని రూల్ కూడా ఉందని తర్వాత తెలిసింది. ఫ్రాన్స్‌లోని షమోనీలో 2003 నుంచి మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఒక పోటీ జరుగుతోంది. 170 కిలోమీటర్ల పైనే దూరం, మొత్తం ఎక్కుడు సుమారు 10 వేల మీటర్లు. ఎవరెస్టు ఎత్తే 8,849 మీటర్లు, చూసుకోండి. ఆ వీడియోల్లో నాకు నచ్చింది వేరే. ఎత్తు రాగానే అంతటి రన్నర్లు కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా నడుస్తున్నారు! గ్రౌండులో నడిచామంటే ఓడిపోయినట్టు. గుట్ట మీద నడుచుడు కూడా ఆటలో భాగమే.

ఒకసారి బాపుకు ఇంకో వీడియో చూపించాను. ఫ్రాన్స్‌లోనే మెడాక్ అనే చోట 1985 నుంచి ద్రాక్షతోటల మధ్య మారథాన్. వేషాలు వేసుకుని మరీ ఉరుకుతారు. దారిలో నీళ్లతో పాటు వైన్ కూడా పోస్తారు. బాపు మొత్తం చూసి, "మన తాళ్లల్ల ఉరికితె కల్లు పోస్తరా మరి?" అన్నాడు. మన దేశంలో చిక్కమగళూరు దిక్కు కాఫీతోటల్లో మల్నాడ్ అల్ట్రా జరుగుతుంది. మాకు ద్రాక్ష లేదు, కాఫీ లేదు. టేకు ఉంది, తునికి ఉంది, ఇప్ప ఉంది.

ఇక్కడ దారి ఒక్కో నెల ఒక్కో తీరుగా ఉంటుంది. ఫిబ్రవరి దాటితే మోదుగులు ఎర్రగా పూస్తాయి. ఫొటోలకు బాగుంటుంది గానీ, అప్పటికి టేకు ఆకులన్నీ రాలి చాటలంత ఆకుల కింద రాయి ఎక్కడుందో, గుంత ఎక్కడుందో కనపడదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు ఎనిమిది లోపే ఇంట్లో పడాలి. వానాకాలంలో మొరం మీద కాలు జారుతుంది. నాకు దసరా తర్వాతి నుంచి సంక్రాంతి దాకా ఇష్టం.

దిగుడు నేర్పింది మాత్రం వీడియోలు కాదు, బాపు. ఆయన కేకే-5 బాయిలో సపోర్ట్‌మన్. పైకప్పు కూలకుండా చూసే పని. "కప్పును ముందుగాల రాడ్డుతోని తట్టాలె బిడ్డా. ఖంగుమంటె మంచిది. డొల్లగ మోగిందా, ఎనుకకు జరగాలె. కండ్లతోని జూసి నమ్మద్దు." నేను దాన్ని కాళ్లకు మార్చుకున్నాను. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు, ముందు పాదం తాకించుడు, రాయి కదలకపోతేనే బరువు వేసుడు. తలకు కట్టుకునే లైటు కొందామని ఆన్‌లైన్‌లో చూస్తుంటే ఒకటే నవ్వు. "ముప్పై ఏండ్ల సంది నెత్తి మీద లైటు పెట్టుకోని నడుస్తున్న. గిప్పుడు పైసలు పెట్టి కొనుక్కుంటరా?"

ఇంతకీ ఈ దారులు ఎవరు వేశారనుకున్నారు? గూగుల్ మ్యాప్‌లో ఉండవు. మేకలు కాసేవాళ్లు, తునికాకు తెంపేవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, జాతరకు పోయేవాళ్లు నడిచీ నడిచీ పడ్డ బాటలు. నేను ఆఖరున వచ్చినదాన్ని. రోజూ మేకలతో ఎదురొచ్చే ఒక తాత మొదట్లో నన్ను ఆపి, "ఎవలన్న తరుముతున్నరా బిడ్డా?" అని అడిగాడు. ఊరికే ఉరుకుతున్నానంటే నమ్మడానికి ఆయనకు నెల పట్టింది. తర్వాత ఆయనే నాకు కోచ్ అయ్యాడు. పొద్దు పొడవక ముందు అడవిలోకి రావొద్దు. ఇప్పపువ్వు రాలే కాలంలో ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి, చప్పుడు చేసుకుంటూ పోవాలి. చేన్ల అంచున అసలే పోవొద్దు, అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు. ఇయర్‌బడ్స్ చూసి, "చెవులు మూసుకోని అడవికొస్తరా ఎవలన్న?" అన్నాడు. ఆ రోజు నుంచి పాటలు బంద్.

పులి సంగతి కూడా అడుగుతారు. 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్ మా జిల్లాలోనే ఉంది. మహారాష్ట్ర దిక్కు నుంచి పులులు వస్తుంటాయి. 2020 నవంబరులో పక్క ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో ఇద్దరు చనిపోయారు. అందుకే పులి అడుగులు కనిపించాయని గ్రూపుల్లో మెసేజ్ వస్తే వారం, పది రోజులు గుట్ట ముఖం చూడను. రన్నింగ్ ఆగితే నాకేం కాదు. పత్తి ఏరే కూలీకి అట్లా ఆగే వీలుండదు.

అవ్వ భయం పులి గురించి కాదు. "పులి మెడకు రేడియో కాలర్ కడతరట. మనుషులకు కడతరా?" అంటుంది. జవాబు లేదు నా దగ్గర. కాబట్టి లైవ్ లొకేషన్ పెడతాను, అదే బాటలో పోతాను, ఆ తాత మేకలు లేని రోజున వెనక్కి తిరుగుతాను. ధైర్యం అని కొందరు కామెంట్ పెడతారు. ధైర్యం కాదు, ఏర్పాటు. ఒక మగపిల్లాడికి ఈ ఏర్పాటులో సగం కూడా అక్కర్లేదన్నది నాకు రోజూ కోపం తెప్పించే విషయం.

వచ్చే మార్చికి బాపుకు 61 నిండుతాయి. రిటైర్మెంట్. బొగ్గుబాయి పిల్లలకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. క్వార్టర్ ఖాళీ చేయాలి. నేను పుట్టిన ఇల్లు, జామచెట్టు, అవ్వ పెంచిన మల్లెతీగ, ఏవీ మావి కావు. అన్న హైదరాబాద్ రమ్మంటున్నాడు. అక్కడ పార్కులో ట్రాక్ ఉంటుందట, మెత్తగా, ఎర్రగా. ఉంటుంది, చూశాను. "ఈ ఉరుకుడుతోని ఏమొస్తదే?" అని అవ్వ అడిగినప్పుడల్లా నాకు మాట దొరికేది కాదు. సెకన్లు లెక్కపెట్టి నన్ను లోపలికో బయటికో పంపేవాళ్లు లేని చోటు నాకు ఇదొక్కటే అని ఎట్లా చెప్పాలి? చెప్పినా అవ్వ, "అయితె కూసోని సదువుకో" అనేదే.

పోయిన ఆదివారం బాపు తనే అన్నాడు, "నేను గూడ వస్త పా" అని. ఆయన మోకాళ్లు బాగాలేవు. ఉరుకుడు లేదు, నడిచాం. గంటన్నర పట్టింది పైకి. మెట్ల దగ్గర ప్రతి రాయినీ చేతికర్రతో తట్టి, విని, అప్పుడు కాలు పెట్టాడు. తాత మేకలు మమ్మల్ని దాటుకుని పైకి పోయాయి.

పైన కూర్చుంటే మా ఊరు దిక్కు బూడిదరంగు గుట్టలు కనిపిస్తాయి. అవి ఓబీలు. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీది మట్టీ రాయీ తవ్వి పోస్తే పెరిగిన గుట్టలు. బాపు వాటిని చూడలేదు. వాటికి ఇవతల ఉన్న చెట్ల వరుసను చూపించాడు.

"ఆ చెట్లు కనవడుతున్నయా? వాటి కిందికెంచే మా దారి. ఆడికెళ్లి ఎడమకు మలిగితె పని జాగ. శానా దూరం నడిచేటోళ్లం."

"పైన ఏముందో కిందికెల్లి ఎట్ల తెలుస్తది బాపూ?"

"మ్యాప్ ఉంటది. గని నేను ఎన్నడు పైకెల్లి సూడలె." కొంచెంసేపు ఆగి, కర్రతో గాలిలో ఆ దారిని గీసుకుంటూ పోయాడు. పొలాలు, రోడ్డు, కరెంటు స్తంభాలు దాటి ఒకచోట ఆగింది కర్ర. "ఇగో, గీడ. మొన్న శుక్రవారం గీడున్న."

ఫోన్ తీసి ఆ చోటు జూమ్ చేశాను. పచ్చగా ఏదో చేను, మధ్యలో ఒక చింతచెట్టు.