ఏడు నిమిషాలు వెనకగా...

ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. క్రికెట్ విషయంలో ఆ ఆలస్యానికి కోర్టు కొలత కూడా పెట్టింది... ఏడు నిమిషాలు!

2007 జనవరిలో వెస్టిండీస్ జట్టు మన దేశానికొచ్చింది. ప్రసార హక్కులు కొనుక్కున్న సంస్థ దూరదర్శన్‌కి సిగ్నల్ ఇవ్వనంటే ఇవ్వనంది. నాగపూర్ వన్డేలో మనవాళ్లు 338 పరుగులు బాదితే కేబుల్ లేని ఇళ్లవాళ్లు మర్నాడు పేపర్లో చదువుకోవాల్సి వచ్చింది. గొడవ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. చూపించుకోండి, కానీ ఏడు నిమిషాలు ఆగి చూపించండి అంది కోర్టు. అంటే ఇంచుమించు రెండు ఓవర్లు వెనకన్నమాట.

మాది యాంటెన్నా ఇల్లు. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కాలూ పడిపోయాక, మందుల ఖర్చుకి జడిసి అమ్మ కేబుల్ తీయించేసింది. మంచంలో ఉన్న మనిషికి ఉన్న ఒక్క కాలక్షేపం క్రికెట్టు. పక్కింట్లో కేబుల్ ఉంది, నలుగురు పిల్లలున్నారు, గోడ చూస్తే ఒక్క ఇటుక మందం. ఇంకేముంది! మా టీవీలో బౌలర్ బంతి తుడుచుకుంటూ ఉండగానే అవతల ‘అవుట్!’ అని కేకలు. నాన్న ఏమీ అనేవారు కాదు. మొహం గోడవైపు తిప్పుకునేవారు. అది చూళ్లేక అమ్మ కిటికీలన్నీ మూసేది.

కటక్ మ్యాచ్‌లో మనవాళ్లు చేసింది 189. గెలుస్తామన్న ఆశ ఎవరికీ లేదు. అమ్మ వెళ్లి ఏం చెప్పిందో ఏమో, ఆవేళ పక్కింట్లో చప్పుడు లేదు. పైగా పక్కింటి బాబాయిగారే వచ్చి నాన్న మంచం పక్కన కుర్చీ వేసుక్కూచున్నారు. మధ్యమధ్యలో ‘ఇప్పుడే వస్తా మాస్టారూ’ అంటూ ఇంటికెళ్లి చూసొచ్చి, ఏమీ తెలియనట్టు ‘వీడు అవుటవుతాడంటారా?’ అని అడిగేవారు. నాన్న వంకరపోయిన నోటితోనే నవ్వి, ‘నీ మొహంలోనే స్కోరుబోర్డు ఉందిగదయ్యా’ అన్నారు. వెస్టిండీస్ 169కి ఆలౌటయింది. ఆ గెలుపుని బాబాయిగారు రెండుసార్లు చూశారు. రెండోసారే ఎక్కువ సంతోషించినట్టు నాకనిపించింది.

ఆ సిరీస్ అయిన కొద్దిరోజులకే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అదే ఏడాది చట్టం చేసింది. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రసారభారతికి అప్పటికప్పుడే ఇచ్చితీరాలి. ప్రకటనల డబ్బులో 75 శాతం హక్కుదారుకి, 25 శాతం ప్రసారభారతికి. ఈ లెక్కేదో ముందే కుదిరి ఉంటే మా గోడకి ఆ కష్టం తప్పేది.

నాన్న ఇప్పుడు లేరు. ఇప్పుడు మాది యాప్ ఇల్లు. డబ్బు కట్టి చూస్తున్నా ఆలస్యం మాత్రం వదల్లేదు. ఆటని చిన్నచిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పంపుతారట, మన దగ్గర కొన్ని ముక్కలు పోగయ్యాకే బొమ్మ కదులుతుంది. ఈలోగా వాట్సాప్‌లో మా చుట్టాలంతా సిక్సర్ కొట్టేసి ఉంటారు.

2024 జూన్ 29, ప్రపంచకప్ ఫైనల్. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. మా తెరమీద పాండ్యా ఇంకా పరుగు మొదలెట్టనే లేదు. ఊళ్లో డిష్ పెట్టించుకున్న బాబాయిగారి దగ్గర్నుంచి ఫోను. ఎత్తుతానా! మిల్లర్ కొట్టిన బంతి గాల్లోకి లేచింది, బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడు చేశాను ఫోను. ‘ఏం బాబాయ్, అవుటంటారా?’ అని.