నాయన కడిగిన బండి

2012 ఏప్రిల్లో ఆ ట్రాక్టర్ని నలభై రెండు వేలకి కొన్నాం. మాసీ ఫెర్గూసన్ 1035, 1980 మోడలు. కామందు దొడ్లో రేకుల కింద తొమ్మిదేళ్ళుగా పడివుంది. కొడుకులు హైదరాబాదు వెళ్ళిపోయారు, పొలం కౌలుకిచ్చేశారు. పాత యినప సామాన్లవాడికి తూకానికి వేస్తున్నారని తెలిసి నేనే పోయి అడిగాను.

"నీకెందుకురా?" అన్నాడు పెద్దాయన.

"బాగుచేసుకుంటానండీ."

నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం మా పల్లెలో ఎవర్నడిగినా చెప్తారు.

ఆ బండి మాకు కొత్తదేం కాదు. అది వూళ్ళోకొచ్చిన యేడు మా నాయన ఆ కామందు దగ్గరే పాలేరు. నాలుగు అరకలు, నలుగురు పాలేళ్ళు. బండి రాగానే ఒక అరక మిగిలింది. ఇద్దర్ని పంపేశారు, ఒకర్ని అరకకి వుంచారు, నాయన్ని బండి కడగటానికి వుంచారు. డ్రైవరు వాళ్ళ కులపు కుర్రాడే. దమ్ము చేసి వచ్చాక బండిని కాలవలోకి దించి, చక్రాల సందుల్లో మట్టి పుల్లతో గీకి, సీటు తుడవటం నాయన పని. సీటు తుడవొచ్చు. ఎక్కకూడదు. ఆరేడేళ్ళప్పుడు ఎవరూ లేరని నేనొకసారి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాను. నన్ను కొట్టింది కామందు కాదు, నాయనే. వాళ్ళ కంట పడకముందే కొట్టాడు.

మోకులూ చెర్నాకోలలూ కుట్టిచ్చే పని కూడా ఎద్దులతో పాటే పోయింది. మేం మాదిగలం. ట్రాక్టరుకి తోలుతో ఏం పని?

1985 జూలై 17న కారంచేడులో మావాళ్ళని వెంటాడి చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. మావూరు అక్కడికి ఎంతో దూరం కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వారం నాయన బండి కడగటానికి పోలేదు. ఎనిమిదో రోజు కబురొచ్చింది. పోయాడు. పోకపోతే ఏం తినాలి?

ఇక మరమ్మతు సంగతి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి చీరాలలో ఒక షెడ్డులో పదిహేనేళ్ళు పనిచేసినవాణ్ణి గనక చూడగానే తెలిసింది, ఇంజను పట్టేసింది. బలవంతాన తిప్పితే రింగులు విరుగుతాయి. మూడు ఇంజెక్టర్లూ వూడదీసి, ఆ బొక్కల్లోంచి సిలిండర్లలోకి డీజిలూ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. రోజూ కాస్త పోయటం, ముందు పుల్లీ నట్టుకి పానా తగిలించి అటూ యిటూ కొంచెం ఆడించటం. పదకొండో రోజు సాయంత్రం గోరంత కదిలింది. పోసిన డీజిలంతా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది కాబట్టి అదంతా దించేసి కొత్తది పోశాం. రేడియేటరు నిండా కందిరీగ గూళ్ళు. వైర్లు ఎలకలు కొరికేశాయి. డీజిలు ట్యాంకులో తుప్పు పోవటానికి గులకరాళ్ళు వేసి, యిద్దరం చెరోపక్క పట్టుకుని ధాన్యం చెరిగినట్టు వూపాం. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుపోతే బండిని నడుమ్మీద రెండుగా విడగొట్టాల్సి వచ్చింది. ఆ రోజు పై బజారు వాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసిపోయారు. "అయిపోయిందిరా వీళ్ళ ట్రాక్టరు" అనుకున్నారంట.

ముందు సీలు మార్చటానికి టైమింగ్ కవరు విప్పాం. నేను తెచ్చిన ప్యాకింగు వేరే మోడలుది, బొక్కలు కలవలేదు. మళ్ళీ చీరాల పోవాలంటే చేతిలో చార్జీలు లేవు. నాయన లేచి అటక మీంచి సంచి దించాడు. అందులో రంపె, ఆరె. వాటిని నేను చూసి ముప్పై యేళ్ళు.

"ప్యాకింగు షీటుందా?"

"వుంది గానీ, ఎట్టా కోస్తావు నాయనా?"

"తోలయితే ఏంది, అట్టయితే ఏందబ్బాయా."

కవరుని షీటు మీద బోర్లించి అంచు గీసుకున్నాడు. రంపెతో ఒక్క గీతన కోసుకుపోయాడు. బోల్టు బొక్కలు ఆరెతో గుచ్చి గుండ్రంగా తిప్పాడు. తర్వాత ఆ కవరు దగ్గర చుక్క ఆయిలు కారలేదు. కులవృత్తి గొప్పదని చెప్పటానికి యిది రాయటం లేదు. ఆ రంపెని ముట్టుకోనివ్వకుండా నన్ను బడికి తరిమింది నాయనే. అప్పుడు చూడనిచ్చిన చెయ్యి కాదది.

బండి కాయితాల మీద సంతకానికి కామందు నాలుగుసార్లు తిప్పాడు. ఆ ముచ్చట వద్దులే.

మే నెలాఖర్న, ఫిల్టరు దగ్గర్నుంచి పంపుదాకా గాలి తీసి, ఇంజెక్టరు పైపుల నట్లు వదులుచేసి సెల్ఫు కొట్టాం. డీజిలు చిమ్మాక నట్లు బిగించి మళ్ళీ కొట్టాం. రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ కక్కి అందుకుంది. పల్లె పల్లంతా వచ్చింది. "ఎక్కు నాయనా" అన్నాను. దగ్గరికొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి సీటు తుడిచాడు. తుడిచి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఎవురి కోసం తుడుస్తన్నావయ్యా?" అని అమ్మ అరిచింది.

అప్పుడెక్కాడు. క్లచ్ గట్టిగా వుండి కాలికి దిగలేదు, రెండు కాళ్ళతో తొక్కాడు. పిల్లలు ఒకటే నవ్వులు.

మొదటి నెల మా పల్లె డి-పట్టా చెక్కలే దున్నాం. తర్వాత గంటకి యాభై తక్కువని పై బజారు నుంచీ పిలుపులొచ్చాయి. ఒకాయన మాత్రం బండి కడుక్కుని రమ్మన్నాడు. నేను పోనన్నాను. నాయన ఏమీ అనలేదు.

లిఫ్టు అప్పటికి కుదరలేదు. గొర్రు ఎత్తితే అయిదు నిమిషాల్లో దానంతటదే దిగిపోయేది. లోపల రింగులు పోయాయి. కోతలయ్యాక విప్పాం.