పంటినొప్పికి తీరిక

జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరతారు. పన్ను సలిపితే మాత్రం ఓ లవంగం చేతిలో పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోతారు!

మా గుడిమల్కాపూర్ పూలబజారులో నాకు చామంతులమ్మే ఆవిడ నెల్లాళ్ళుగా బుగ్గన లవంగంతోనే మూరలు కొలుస్తోంది. “అఫ్జల్‌గంజ్‌లో సర్కారు పళ్ళ దవాఖానా ఉంది కదా, వెళ్ళరాదుటమ్మా?” అన్నాను.

“పొద్దుగాల పూలమ్ముకోవాల్నా, ఆడ లైన్ల నిలబడాల్నా? నువ్వే చెప్పమ్మా” అంది.

నిజమే. అక్కడ చీటీ ఇచ్చేదీ పొద్దుటే, ఇక్కడ పూలు అమ్ముడయ్యేదీ పొద్దుటే.

ఆ దంత కళాశాల 1959 నాటిది. ఇవాళ నగరంలో దంతవైద్యులకు కొదవలేదు. మెహదీపట్నం వైపు నడిస్తే బోర్డులే బోర్డులు. కాని పుచ్చు నరందాకా పాకితే అక్కడ ఖర్చు వేలల్లో మాట. చిన్నదిగా ఉన్నప్పుడే పూడిస్తే ఒక్క పూట పని. లవంగం నొప్పిని మరిపిస్తుందే గాని పుచ్చును ఆపదు.

వైద్యుడున్నాడా అన్నది సగం ప్రశ్నే. ఆయన తలుపు తీసే వేళకు రోగికి తీరిక ఉందా అన్నది తక్కిన సగం. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో సాయంత్రాలు ఓ పంటికుర్చీ వేస్తే, పూలమ్మే వాళ్ళూ నిశ్చింతగా నవ్వుతారు.