కొందరి ర్యాప్ దగ్గరే మనం ఎందుకు ఆగిపోతాం?



ఈ నెల గోడపత్రికకు నన్ను కూడా ఒక వ్యాసం రాయమన్నారు. మొదట "చెట్లు – ఉపయోగాలు" రాద్దామనుకున్నాను. తీరా చూస్తే అది పోయిన నెలే ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు రాసేశారు, పక్కన రంగు పెన్సిళ్ళతో చెట్టు బొమ్మ కూడా వేసేశారు. అందుకని నేను ర్యాప్ పాటల గురించి రాస్తున్నాను. ఇది చూసి కొందరు నవ్వుతారని నాకు తెలుసు. ఆఖరుదాకా చదివి అప్పుడు నవ్వండి.

ఒక ఆదివారం సాయంత్రం ఇంగ్లీషు మేడమ్ డిజిటల్ క్లాసులో పెద్ద టీవీ మీద మనకు రెండు ర్యాప్ పాటలు పెట్టారు, గుర్తుందా? మొదటి పాట బ్రేకులు పోయిన లారీ ఘాట్ రోడ్డు దిగినట్టు పోయింది. మనం చప్పట్లు కొట్టాం, నవ్వాం. పాట సగంలో ఉండగానే కొందరు బకెట్లు తీసుకుని నీళ్ళ లైనుకు లేచిపోయారు. రెండో పాట నెమ్మదిగా మొదలైంది. అతను అరవలేదు. మన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బకెట్లు పట్టుకున్నవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వంటమ్మ కూడా గరిటె చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ రాత్రి సాంబారు అడుగంటిందని అందరూ ఆమెను అన్నారు. తప్పు ఆమెది కాదు, ఆ పాటది.

ఆ రాత్రి లైట్లు తీసేసిన తర్వాత మా గదిలో ఇదే మాట. రెండూ ర్యాపే కదా, ఇద్దరూ మనకు తెలియని భాషలోనే పాడారు కదా, మరి ఒకడి దగ్గర ఎందుకు ఆగాం, ఇంకొకడి దగ్గర ఎందుకు ఆగలేదు? (వార్డెన్ మేడమ్ మన్నించాలి, పదకొండు దాకా మాట్లాడుకున్నాం.)

ముందు ర్యాప్ అంటే ఏమిటో తెలియని చెల్లెళ్ళ కోసం రెండు మాటలు. ర్యాప్ అంటే పూర్తిగా పాటా కాదు, ఉత్త మాటా కాదు. దరువుకు సరిగ్గా పడేటట్టు, చివర ప్రాస కలిసేటట్టు మాట్లాడటం. ఇది పుట్టిన సంగతి మేడమ్ చెబితే నాకు చాలా నచ్చింది. 1973 ఆగస్టు 11న అమెరికాలో న్యూయార్క్ నగరంలో, బ్రాంక్స్ అనే పేదల పేటలో, సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి వాళ్ళ బిల్డింగులో ఒక చిన్న వేడుక పెట్టింది. ఎందుకంటే బడి తెరిచే రోజులు, కొత్త బట్టలు కొనుక్కోవాలి, డబ్బులు కావాలి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. వాళ్ళ అన్న రికార్డులు వేశాడు. అతన్ని డీజే కూల్ హెర్క్ అంటారు. చిన్నప్పుడే జమైకా దేశం నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్ళది. అతను పాటలో దరువు మాత్రమే వచ్చే ముక్కను రెండు రికార్డులతో పొడిగించి, జనాన్ని ఆడిస్తూ ఉండేవాడు. అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు పిలిచేవాడు. పేరు వినపడినవాడు ఎగిరి గంతేసేవాడు. అక్కడినుంచే ఈ ర్యాప్ పెరిగింది. అంటే బడి బట్టల కోసం ఒక అక్కచెల్లి చేసిన పని ఇంత దూరం వచ్చిందన్నమాట.

ఇక మా గది చర్చకు వస్తాను.

నా పక్క మంచం అమ్మాయి, "ఎంత వేగంగా చెబితే అంత గొప్ప" అంది. నేను ఒప్పుకోలేదు. షికాగోకు చెందిన ట్విస్టా అనే ర్యాపర్ పేరు అందరికన్నా వేగంగా చెప్పేవాడని 1992లో గిన్నిస్ బుక్కులో ఎక్కిందట. అది గొప్పే. కానీ ఉత్త వేగానికే మనసు ఆగేటట్టయితే మనం మొదటి పాటప్పుడు బకెట్లు ఎందుకు పట్టుకుంటాం?

కిటికీ దగ్గర పడుకునే అమ్మాయి, "గొంతు పెద్దగా ఉండాలి" అంది. అదీ కాదు. మొదట్లో చాలామంది ర్యాపర్లు మైకులో అరిచినట్టే చెప్పేవాళ్ళు. 1987లో ఎరిక్ బి.తో కలిసి "పెయిడ్ ఇన్ ఫుల్" ఆల్బమ్ తెచ్చిన రాకిమ్ అట్టా అరవలేదు. నింపాదిగా, గొంతు పెంచకుండా చెప్పాడు. అతనికి శాక్సఫోన్ వాయించడం వచ్చు. ఆ వాయిద్యంలో ఊపిరి ఎట్టా ఆపి వదలాలో, మాటలో కూడా అట్టాగే చేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అతన్ని చూసి నేర్చుకున్నారు. మన లెక్కల సారు కూడా అంతే కదా, ఎప్పుడూ అరవరు. ఆయన క్లాసులోనే సూది పడితే వినిపిస్తుంది.

ఇంకో అమ్మాయి, "మెడలో గొలుసులు, మంచి బట్టలు, డాన్సు ఉండాలి" అంది. అవన్నీ ఉన్నవాడు వెనిల్లా ఐస్. 1990లో అతని పాట "ఐస్ ఐస్ బేబీ" అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. కానీ అతని చిన్నతనం గురించి ప్రచారంలో చెప్పిన సంగతులు కొన్ని నిజం కాదని అదే ఏడాది పత్రికలు బయటపెట్టాయి. పాట అదే, బట్టలు అవే, డాన్సు అదే. కానీ వినేవాళ్ళకు అనుమానం వచ్చేసింది. అనుమానం వచ్చిన తర్వాత ఇక మొహంలో కళ ఎక్కడుంటుంది?

అప్పటిదాకా నిద్రపోతుందనుకున్న పదో తరగతి అక్క దుప్పట్లోంచే, "అతను ఏదో దాచుకోకుండా చెబుతున్నాడే, అందుకే" అంది. అర్థం తెలియకుండా అట్టా ఎట్టా చెబుతావని అందరం ఆమె మీద పడ్డాం.

మర్నాడు మేడమ్‌ను అడిగాం. ఆ రెండో పాట టుపాక్ షకూర్ 1995లో పాడిన "డియర్ మామా". వాళ్ళ అమ్మ పేరు అఫెని షకూర్. ఆమె నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసింది. కేసు పెట్టి జైల్లో వేస్తే, కడుపుతో ఉండి కూడా కోర్టులో తన కేసు తానే వాదించుకుంది. 1971 మేలో నిర్దోషిగా బయటికి వచ్చింది. జూన్ 16న టుపాక్ పుట్టాడు. అంత ధైర్యవంతురాలు తర్వాత మత్తుమందుకు అలవాటుపడింది. కొడుకుకూ ఆమెకూ గొడవలయ్యాయి. ఆ పాటలో అతను ఇదంతా చెబుతాడు. పేదరికం చెబుతాడు, అమ్మ అలవాటు చెబుతాడు, తాను ఆమెను పెట్టిన కష్టం కూడా చెబుతాడు. ఇన్ని చెప్పి, అయినా నువ్వే నాకు గొప్ప అంటాడు. 2010లో ఆ పాటను అమెరికా జాతీయ గ్రంథాలయం వాళ్ళు దాచిపెట్టదగిన రికార్డుల జాబితాలో చేర్చారు.

మేడమ్ ఇది చెబుతుంటే నేను తల దించుకున్నాను. కారణం ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన ఏడాది నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం మాయమ్మ నన్ను చూడటానికి వచ్చింది. వానలో శబరి దాటి, బస్సు కోసం చాలా దూరం నడిచి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, మోకాళ్ళ దాకా బురద. గేటు దగ్గర నిలబడి కోయ మాటలో నన్ను గట్టిగా పిలిచింది. అప్పుడు నా పక్కన వేరే క్లాసు వాళ్ళు ఉన్నారు. "ఎవరే ఆమె?" అని అడిగారు. "మా ఊరావిడ" అన్నాను.

మాయమ్మకు తెలుగు సరిగా రాదు. కానీ ఆ రెండు మాటలు ఆమెకు అర్థమయ్యాయి. ఏమీ అనలేదు. కొంగులో మూట కట్టి తెచ్చిన కాల్చిన మొక్కజొన్న పొత్తులు నా చేతిలో పెట్టి, బాగా చదువుకో అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పొత్తులు నాకు గొంతు దిగలేదు. అందరికీ పంచేశాను. నేను చాలా మంచిదాన్నని అందరూ అనుకున్నారు.

ఎవరో తెలియని అమెరికా అబ్బాయి వాళ్ళ అమ్మ గురించి లోకమంతటికీ చెప్పాడు. నేను నలుగురి ముందు మా అమ్మను అమ్మ అనలేకపోయాను. ఇక నా మాట ఎవరు ఆగి వింటారు?

అప్పటినుంచి నేను మేడమ్‌ను అడిగి ఇంకా కొందరి గురించి తెలుసుకున్నాను. 2002లో "ఎయిట్ మైల్" అనే సినిమా వచ్చింది. అందులో ఎమినెమ్ హీరో. డెట్రాయిట్ నగరంలో పేద కుర్రాడు. అక్కడ ర్యాప్ పోటీ అంటే ఒకరినొకరు మాటలతో ఎగతాళి చేసుకోవాలి, జనం ఎవరివైపు అరిస్తే వాళ్ళు గెలిచినట్టు. చివరి పోటీలో హీరో తన లోపాలన్నీ తానే ముందు చెప్పేస్తాడు. నేను పేదవాణ్ణి, అమ్మతో బండి ఇంట్లో ఉంటాను, నా స్నేహితుడే నన్ను మోసం చేశాడు అని అన్నీ చెప్పేస్తాడు. ఇక ఎదుటివాడికి అనడానికి ఏమీ మిగలదు. మైకు చేతిలో పెట్టినా నోరు పెగలదు. దాచుకున్న మాటే మనల్ని భయపెడుతుంది గానీ, చెప్పేసిన మాట భయపెట్టదని నాకు అప్పుడు తెలిసింది.

ఆడవాళ్ళలో లారిన్ హిల్ అనే ఆమె ఉంది. 1998లో ఆమె ఆల్బమ్ వచ్చింది. అది బడిలో హాజరు పిలవడంతో మొదలవుతుంది. టీచరు అందరి పేర్లూ పిలుస్తాడు, ఆమె పేరు పిలిస్తే పలుకు ఉండదు. నేను గేటు దగ్గర పలకనట్టే. ఆమెకు 1999లో 5 గ్రామీ అవార్డులు వచ్చాయి. మన దేశంలో కూడా ఉన్నారు. తమిళనాడు గాయకుడు అరివు 2021లో ధీ అనే గాయనితో కలిసి పాడిన "ఎంజాయ్ ఎంజామి"లో వాళ్ళ అవ్వల తరం శ్రీలంక తేయాకు తోటల్లో పడిన కష్టం ఉంది. మహారాష్ట్రలో మహాదేవ్ కోలి తెగకు చెందిన మాహీ జి అనే అమ్మాయి ర్యాప్ చెబుతుంది. మనలాంటి ఆదివాసీ అమ్మాయే. ఇది విని మన గదిలో ముగ్గురు మంచాల మీద లేచి కూర్చున్నారు.

అయితే ఒక్క నిజం చెబితే చాలదు, సాధన కూడా ఉండాలి. టుపాక్ బాల్టిమోర్‌లో కళల బడిలో చదివాడు. అక్కడ నటన, కవిత్వం, బ్యాలే నాట్యం కూడా నేర్చుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అతనికి తెలుసు. నిజం విత్తనం లాంటిది, సాధన దుక్కి లాంటిది. దున్నకుండా చల్లితే పిట్టలు తినేస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే వార్డెన్ మేడమ్ నన్ను పిలిచి అడుగుతారు. ఆకర్షణ వేరు, మంచితనం వేరు. ర్యాప్‌లో బూతులూ ఉన్నాయి, ఆడవాళ్ళను కించపరిచే మాటలూ ఉన్నాయి. టుపాక్ పాటల్లోనూ ఉన్నాయట. అతన్ని 1996లో కాల్చి చంపారు. అప్పటికి 25 ఏళ్ళు. అతనితో విరోధం వచ్చిన నొటోరియస్ బి.ఐ.జి.ని 1997లో కాల్చారు. ఆయనకు 24 ఏళ్ళు. ఇద్దరూ జనాన్ని పట్టి నిలబెట్టగలిగినవాళ్ళే. కాబట్టి వాళ్ళ దగ్గర దాచుకోకపోవడం నేర్చుకుందాం, మిగతాది వదిలేద్దాం.

ఇదంతా ఎక్కడో దూరం సంగతి అనుకోకండి. మా ఊళ్ళో రేల పాట పాడేటప్పుడు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరస కడతారు. ఒకరు అందుకుంటారు, మిగతావాళ్ళు తిరిగి అంటారు. మా ఊళ్ళో అందరికన్నా తియ్యటి గొంతు వేరే ఆమెది. కానీ మాయమ్మ అందుకున్నప్పుడే వరస పెద్దదవుతుంది. ఎందుకని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మాయమ్మ ఆ ఏడాది ఏం జరిగిందో అదే పాడుతుంది. వరద వస్తే వరద, తునికాకు కట్టకు సరిగా డబ్బులు రాకపోతే అదే. ఎవరి ఇంట్లో కష్టం ఉందో ఆ ఇంటివాళ్ళు ముందు గొంతు కలుపుతారు. బ్రాంక్స్‌లో పేరు పిలిస్తే గంతేసినవాళ్ళు కూడా ఇట్టాంటివాళ్ళే అయి ఉంటారు.

మొన్న ఆదివారం మాయమ్మ మళ్ళీ వచ్చింది. గేటు దగ్గర నిలబడింది గానీ ఈసారి పిలవలేదు, ఊరికే చూస్తూ ఉంది. నేనే గ్రౌండు ఇవతలి నుంచి కోయలో గట్టిగా "అమ్మా" అని పిలిచాను. నా గొంతు మధ్యలో విరిగింది. అందరూ తిరిగి చూశారు. "మాయమ్మ" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక చెల్లి వెళ్ళి ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజున నేను సభలో ఒకటి చెబుతాను. అది ర్యాపో, రేల పాటో నాకే ఇంకా తేలలేదు. సగం తెలుగు, సగం కోయ. మాయమ్మ మీద రాశాను. రోజూ స్టడీ అవర్‌కు ముందు బోరింగు వెనకాల సాధన చేస్తున్నాను. అక్కడ ఏదైనా వినిపిస్తే దెయ్యం అనుకోకండి. నేను ఒక మాట అంటాను, మీరు తిరిగి అనాలి. మీరు అనకపోతే నాకు భయమేస్తుంది.

రాతలో తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని