సముద్రం వచ్చిన ఊళ్ళు

తీరాన పుట్టినవారికి సముద్రం చూడడానికి ప్రయాణం కట్టుకుని పోవలసిన పని లేదు. అయినా గత జనవరిలో సంక్రాంతి పనులు తీరిన తరువాత, మా అవనిగడ్డ ప్రాంతం నుండి నలుగురు స్నేహితులం ఒక కారులో బయలుదేరి తమిళనాడు తీరం వెంబడి ధనుష్కోటి వరకు వెళ్ళి, దేవుని కృపవలన క్షేమంగా తిరిగి వచ్చాము. ఆ దారి మాకు కొత్త. ఆ భాష మాలో ఎవరికీ రాదు. ఒకరికి సేద్యం, ఒకరికి మందుల షాపు. కారు నడిపింది ఆ మందుల షాపు తమ్ముడే. మూడవవారు ఇటీవల పదవీ విరమణ చేసిన మాస్టారు. నాలుగవవాణ్ణి నేను.

ఈ ప్రయాణం మాస్టారి కోరిక. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన నాటికి ఆయన పధ్నాలుగేళ్ళ పిల్లవాడు. తాడిచెట్టును కరుచుకుని తెల్లవారే వరకు ఉండి బ్రతికారు. తల్లీ, ఇద్దరు చెల్లెళ్ళూ దక్కలేదు. పది వేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట ఎక్కువగా ఎత్తేవారు కాదు. ఈమధ్య ఒకనాడు, "మనలాగే దెబ్బతిన్న మరొక తీరం ఉంది కదా, వాళ్ళు ఎలా నిలబడ్డారో ఒక్కసారి కళ్ళతో చూడాలని ఉందయ్యా" అన్నారు. అంతే, బయలుదేరాము.

చెన్నై దాటి తూర్పు తీర రహదారి పట్టుకుంటే ఎడమచేతి వైపు సముద్రం కనబడుతూ, దాగుతూ వస్తుంది. మహాబలిపురం, పుదుచ్చేరి, కడలూరు దాటి చిదంబరం దగ్గర పిచ్చావరం చేరాము. ఇక్కడ సుమారు 1,100 హెక్టార్ల మడ అడవి ఉంది. పడవలో కాలువల వెంట తిప్పుతారు. ఇరువైపులా చెట్లు ఉప్పునీటిలో వేళ్ళు ఊని, చేతులు చాచి ఒకదానినొకటి పట్టుకున్నట్లు నిలబడి ఉంటాయి. పడవవాడు ఒక చెట్టును చూపించి "తిల్లై" అన్నాడు. మన కోడూరు, నాగాయలంక వైపు మడల్లో మనం తిల్ల అని పిలిచే చెట్టే అది. చిదంబరానికి తిల్లై అనే పాత పేరు కూడా ఈ చెట్టును బట్టి వచ్చినదే. 2004 సునామీలో ఈ అడవి చాటున ఉన్న పల్లెలకు, నేరుగా ఒడ్డున ఉన్న పల్లెలకంటే నష్టం తక్కువగా జరిగింది. మాస్టారు పడవలో నుండి వంగి ఒక వేరును పట్టుకుని చూశారు. "మన మడలు కొట్టి చెరువులు తవ్వుకున్నాం" అన్నారు మెల్లగా. ఎవరమూ జవాబు చెప్పలేదు.

అక్కడి నుండి తరంగంబాడి. 1620లో తంజావూరు నాయకరాజు అనుమతితో డెన్మార్కు వారు ఇక్కడ కోట కట్టారు. 1706 జూలైలో జీగెన్‌బాల్గ్, ప్లుట్షౌ అనే ఇద్దరు యువ మిషనెరీలు ఈ ఒడ్డునే దిగారు. తమిళంలో క్రొత్త నిబంధన 1715 నాటికి ఇక్కడ అచ్చయింది. 1718లో కట్టిన కొత్త యెరూషలేము ఆలయంలో ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది. జీగెన్‌బాల్గ్ సమాధి అందులోనే ఉంది. ఈ ఊరితో మన తెలుగువారికీ ఒక బంధం ఉంది. ఇక్కడ పనిచేసిన బెంజమిన్ షుల్ట్జ్ తరువాత మద్రాసు వెళ్ళి, తెలుగు నేర్చుకుని, లేఖనాలను మన భాషలోకి తర్జుమా చేశాడు. ఆయన తెలుగు చిన్నపుస్తకాలు 1746-47లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో అవి ఉన్నాయి.

కోట ముందు ఒడ్డున పెద్దపెద్ద బండరాళ్ళు పేర్చి ఉన్నాయి. కొంచెం అవతల సముద్రం ఒక పాత గుడిని కొంత మేర కొరుక్కుతినేసింది. ఆ పక్కన ఒక ముసలమ్మ ఎండుచేపలు తిరగవేస్తూ ఉంది. మాస్టారు ఆమె దగ్గర చతికిలబడి, సముద్రం వైపు చూపించి, చేతులు పైకెత్తి అలలాగా ఊపి చూపించారు. ఆమెకు అర్థమైంది. "కడల్ వందుచ్చు, తంబీ" అంది. సముద్రం వచ్చింది, తమ్ముడూ అని. అలలు లేచాయనీ, నీళ్ళు పొంగాయనీ అనలేదు. చుట్టం వచ్చినట్లు, అప్పులవాడు వచ్చినట్లు, సముద్రం వచ్చింది అంది. తరువాత మూడు వేళ్ళు చూపించి చేపల మీదికి వంగిపోయింది. మాస్టారు తెలుగులోనే, "మాకూ వచ్చిందక్కా" అన్నారు. అక్కా అన్న మాట రెండు భాషలలోనూ ఒకటే. ఆమె తలెత్తి ఆయన ముఖం వంక చాలాసేపు చూసింది. మేము లేవబోతుంటే దోసెడు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

తరంగంబాడి అప్పట్లో నాగపట్నం జిల్లాలోనిది. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, ఆదివారం ఉదయం, ఆ ఒక్క జిల్లాలోనే సుమారు ఆరు వేల మంది చనిపోయారు. మన రాష్ట్ర తీరంలోనూ వంద మందికి పైగా పోయారు. నాగపట్నం రేవులో నిలబడి మందుల షాపు తమ్ముడు లెక్క కట్టాడు. సుమత్రా దగ్గర భూమి కంపించింది మన గడియారం ప్రకారం ఉదయం ఆరున్నరకు. అలలు ఈ ఒడ్డును తాకింది తొమ్మిది గంటల ప్రాంతంలో. మధ్యలో రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. ఒడ్డు విడిచి నడిచిపోవడానికి అది చాలు. కాని చెప్పేవారు లేరు. వేళాంగణ్ణిలో పండుగకు వచ్చిన యాత్రికులు ఇసుకలో పిల్లలను ఆడించుకుంటూ ఉన్నారు.

ఆ రాత్రి బసలో మా మధ్య ఒక చర్చ వచ్చింది. ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానం మనమందరం ఎరిగినదే. సేద్యగాడు అడిగాడు: "బెస్తవాడు ఇసుక మీద కాక ఎక్కడ కట్టుకుంటాడు? వాడి పొలం సముద్రమే గదా." మాస్టారు కాసేపు ఆగి అన్నారు: "ఆ ఉపమానం మన నడతను గురించినది, వాళ్ళ గుడిసెలను గురించినది కాదు. చనిపోయినవారి మీద దానిని ప్రయోగించకూడదు. ఉప్పెన తరువాత మా మీద కొందరు ప్రయోగించారు. పాపం పండిందన్నారు. మా చిన్న చెల్లికి నాలుగేళ్ళు." ఆ మాట తరువాత చాలాసేపు గదిలో పంకా శబ్దం తప్ప మరేమీ వినబడలేదు.

మరునాడు దక్షిణంగా వేదారణ్యం వైపు వెళుతూ నాలువేదపతి అనే పల్లెలో ఆగాము. 2002లో ఈ ఊరివారు ఒక్కరోజులో 80,244 మొక్కలు నాటి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. పేరు కోసం చేసిన పని అనుకున్నవారు ఉండవచ్చు. రెండేళ్ళు తిరిగేసరికి సునామీ వచ్చింది. ఒడ్డున పెరిగిన సరుగుడు తోపు అల బలాన్ని విరిచింది. ఊరు చాలావరకు నిలిచింది. అయితే 2018 నవంబరులో గజ తుఫాను ఈ తీరం మీదనే ఒడ్డెక్కి లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. చెట్టు కూడా పడిపోతుంది. పడిపోయిన చోట మళ్ళీ నాటాలి. కంచె వేయడం ఒక్కసారితో అయిపోయే పని కాదని అక్కడ తెలుసుకున్నాము.

చివరికి రామేశ్వరం దాటి ధనుష్కోటి. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ఈ పట్టణాన్ని తుడిచిపెట్టింది. స్టేషనుకు వస్తున్న రైలును వంద మందికి పైగా ప్రయాణికులతో సహా సముద్రం లాగుకుపోయింది. నివాసానికి పనికిరాని చోటని ప్రభుత్వం ప్రకటించింది. భూమి కొన వరకు తారురోడ్డు 2017లో వచ్చింది. పైకప్పు లేని ఆలయం గోడలు ఇసుకలో నిలిచి ఉన్నాయి. లోపల బలిపీఠం ఉండవలసిన చోట ఆకాశం కనిపిస్తుంది. మేము అక్కడ నిలబడి మౌనంగా ప్రార్థించాము. బయట గవ్వలు అమ్మే పిల్లలు నవ్వుతూ పరుగులు తీస్తున్నారు. వద్దన్న చోటనే జాలర్లు మళ్ళీ పాకలు వేసుకున్నారు.

ప్రియ పాఠకులారా, సముద్రం రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. కాని వస్తున్నదని చెప్పడం మనుష్యుల చేతిలో ఉంది. ఇందుకు మన దివిసీమే సాక్షి. 1977లో కబురు విన్నవారికి సైతం తలదాచుకోను గట్టి కట్టడాలు కరువు. 1990 మే నెలలో అంతటి తుఫానే మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గర ఒడ్డెక్కింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందుగా తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఆ వెయ్యి కూడా తక్కువేమీ కాదు. అయినా పది వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న ఆ తేడా అంతా సమయానికి అందిన మాట, నమ్మి కదిలిన కాళ్ళు. 2007 నుండి హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్ళు సముద్రాన్ని కనిపెడుతూ ఉంది. తరంగంబాడి ముసలమ్మకు ఈనాడు కబురు అందవలసింది మన నగరం నుండే.

అయితే కబురు హైదరాబాదు నుండి మండలం వరకు తానే వస్తుంది. మండలం నుండి పూరిపాక వరకు ఎవరో ఒకరు మోసుకుపోవాలి. తీరాన ఉన్న మన సంఘాలవారు ఈ సంగతులు కనుక్కుని ఉంచుకోవడం మంచిది: తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంది? నడవలేని వృద్ధులు ఏయే ఇళ్ళలో ఉన్నారు? వారిని ఎవరు ఎత్తుకుపోతారు? సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే చేపల కోసం ముందుకు పోక, మెట్టకు పరుగెత్తాలని పిల్లలకు చెప్పామా? మడ మొక్క నాటామా?

తిరుగు ప్రయాణంలో మాస్టారు ఎక్కువగా మాట్లాడలేదు. వచ్చిన వారంలోనే తన పాత బడికి వెళ్ళి పిల్లలను కూర్చోబెట్టి, నలభై ఏళ్ళకు పైగా దాచుకున్న ఆ సాయంత్రాన్ని మొదటిసారి పూర్తిగా చెప్పారట. ఇకమీదట ప్రతి ఏడూ నవంబరులో చెబుతానన్నారు.